రొమ్ము తగ్గింపు శస్త్రచికిత్సకు ముందు సీటీ స్కాన్: ఆ చిత్రంలో కనిపించేదెంత, కనిపించనిదెంత

రొమ్ముల పరిమాణం తగ్గించే శస్త్రచికిత్సలో కత్తి కంటే ముందు పని చేసేది మార్కర్ పెన్ను. రోగిని నిలబెట్టి, చేతులు పక్కకు వదిలేయమని చెప్పి, మెడ కింది గుంట నుంచి టేపుతో కొలుస్తారు. చనుమొన ఇప్పుడు ఎక్కడ ఉంది, ఆపరేషన్ తర్వాత ఎక్కడ ఉండాలి, ఎంత చర్మం పోవాలి అన్నది ఒంటి మీదే గీసుకుంటారు. దశాబ్దాలుగా సాగుతున్న పద్ధతి ఇది. ఇప్పుడు కొన్ని చోట్ల ఆ గీతలకు ముందు మరో మెట్టు చేరింది. చేతి సిరలోకి కాంట్రాస్టు మందు ఎక్కించి, రక్తనాళాలు కనిపించేలా ఛాతీకి తీసే సీటీ యాంజియోగ్రామ్ అది. గుండె జబ్బు లేదు, క్యాన్సర్ లేదు, మరి నాకు యాంజియోగ్రామ్ ఎందుకని చీటీ పట్టుకుని బయటికి వచ్చిన మనిషికి సందేహం రావడం సహజం. దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. కొందరి విషయంలో ఆ స్కాన్ ఆపరేషన్ తీరునే మార్చేస్తుంది. ఎక్కువమంది విషయంలో సర్జన్ ఎలాగూ చేయబోయేదాన్ని ఖరీదైన చిత్రంగా చూపించి ఊరుకుంటుంది.

చివరి ఆయకట్టు సమస్య

శరీరం మోయలేనంతగా రొమ్ములు పెరగడాన్ని వైద్యులు మాక్రోమాస్టియా అంటారు. మెడ, భుజాలు, వెన్ను నొప్పి పెడతాయి. బ్రా పట్టీలు భుజాల మీద గాడి తీస్తాయి. రొమ్ము కింది మడతలో చర్మం ఒరుసుకుని చెమటకు పాచి, పుండ్లు పడతాయి. మన ఉక్కపోతలో ఇది ఎంత నరకమో పడేవారికే తెలుసు. ఇంట్లో చెప్పుకోవడానికి కూడా నోరు రాని బాధ కాబట్టి చాలామంది ఏళ్ల తరబడి నడుము నొప్పి మాత్రలతోనే నెట్టుకొస్తారు. శస్త్రచికిత్సలో అదనపు కొవ్వును, పాల గ్రంథి కణజాలాన్ని, చర్మాన్ని తీసేసి, మిగిలినదాన్ని మలిచి, కిందికి జారిన చనుమొనను పైకి జరుపుతారు.

చిక్కంతా ఈ జరపడంలోనే ఉంది. చనుమొనను పూర్తిగా కోసి తీసి, కొత్త చోట చర్మపు ముక్కలాగా అతికించే పద్ధతిని 1922లో షికాగో సర్జన్ మాక్స్ థోరెక్ ప్రచారంలోకి తెచ్చాడు. అది బతుకుతుంది కానీ స్పర్శ చాలావరకు పోతుంది, పాలిచ్చే అవకాశం ఉండదు. అందుకే ఇప్పుడు సాధారణంగా చనుమొనను ఛాతీ నుంచి విడదీయరు. రక్తనాళాలు, నరాలు ఉన్న కొంత కణజాలాన్ని దానికి కాడలాగా అంటిపెట్టి ఉంచి, చుట్టుపక్కల తీసేసి, కాడతో సహా పైకి తిప్పుతారు. ఆ కాడనే సర్జన్లు పెడికల్ అంటారు.

డెల్టా రైతుకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ప్రధాన కాలువ నిండుగా పారుతున్నా చివరి ఆయకట్టులోని పొలానికి నీరందేది ఏదో ఒక పిల్లకాలువ గుండానే. మధ్యలో ఉన్న నేలంతా తవ్వి ఎత్తేసే పని పెట్టుకున్నప్పుడు ఏ పిల్లకాలువ గట్టు మీద పార పడకూడదో ముందే తెలియాలి. రొమ్ములో చనుమొనది చివరి ఆయకట్టు. కాలువ తెగితే నల్లబడి చచ్చిపోతుంది. ఇలా చనుమొన పూర్తిగా పోవడం అరుదే, కానీ పోయినదాన్ని మళ్లీ తెచ్చిపెట్టలేరు. పచ్చబొట్టుతో, స్థానిక చర్మంతో దాని పోలిక మాత్రమే తయారు చేయగలరు.

రక్తం వచ్చే దారులు

రొమ్ముకు రక్తం ఒక్క దారిన రాదు. రొమ్ము ఎముక పక్కనే, పక్కటెముకల వెనక నిలువుగా దిగే అంతర స్తన ధమని వాటిలో ముఖ్యం. గుండె బైపాస్ చేయించుకున్న ఇళ్లలో ‘లీమా’ అనే మాట వినే ఉంటారు. ఎడమ వైపు ఉండే ఇదే ధమని అది. దీని కొమ్మలు పక్కటెముకల మధ్య ఖాళీల్లోంచి, కండరాన్ని చీల్చుకుని పైకి వస్తాయి. అలా వచ్చేవాటిని పర్ఫరేటర్లు అంటారు. రెండో ఖాళీలోంచి వచ్చేది తరచుగా లావుగా ఉంటుంది. చంక వైపు నుంచి పార్శ్వ ఉరోధమని కొమ్మలు, పై నుంచి భుజం దగ్గరి ధమని కొమ్మలు, కింద నాలుగు, ఐదు, ఆరో ఖాళీల్లోంచి పక్కటెముకల మధ్య ధమనుల కొమ్మలు వచ్చి కలుస్తాయి. ఇవన్నీ చనుమొన చుట్టూ వలలాగా అల్లుకుంటాయి.

చర్మానికి రక్తమిచ్చే ధమనులను 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో కార్ల్ మాంచో అనే వైద్య విద్యార్థి శవ పరిచ్ఛేదనలతో గుర్తించి పటాలు గీశాడు. ఎక్స్ కిరణాలు బయటపడింది 1895లో. అంటే ఆరేళ్ల ముందే అతను వాటి సాయం లేకుండా ఆ పని చేశాడు. 1936లో ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ సాల్మన్ శవాల నాళాల్లోకి సీసం మిశ్రమం ఎక్కించి ఎక్స్‌రేలు తీసి ఆ పటాలను ఇంకా సూక్ష్మంగా గీశాడు. ఈ మధ్యలో, 1930లో, ఇ. ష్వార్జ్‌మన్ అనే సర్జన్ కాడ మీది పైపొరను మాత్రమే చెక్కి, కింది చర్మాన్ని ఉంచితే అందులోని సన్నని నాళాల వల చనుమొనను కాపాడుతుందని చూపించాడు. నేటికీ ఆ చెక్కడం లేకుండా ఈ ఆపరేషన్ సాగదు. 1998లో వియన్నా సర్జన్ ఎలిజబెత్ వ్యూరింగర్ రొమ్ము లోపల అడ్డంగా ఉండే ఒక పలుచని తెరను వర్ణించింది. నాలుగో ఖాళీ ఎత్తున ఛాతీ నుంచి చనుమొన వైపు సాగే ఈ తెర నాళాలనూ నరాలనూ మోసుకెళ్తుంది.

ఈ జ్ఞానంతోనే కాడలకు పేర్లు పుట్టాయి. కింది నుంచి తీసుకునే కాడ నాలుగు నుంచి ఆరో ఖాళీల నాళాల మీద ఆధారపడుతుంది. పైభాగంలో లోపలి వైపు నుంచి తీసుకునేది అంతర స్తన ధమని కొమ్మల మీద ఆధారపడుతుంది. ఇంకా పై కాడ, పక్క కాడ, మధ్య కాడ ఉన్నాయి. సర్జన్ తనకు అలవాటైనదాన్ని ఎంచుకుంటాడు. శరీర నిర్మాణం అందరిలో దాదాపు ఒకేలా ఉంటుందన్న నమ్మకమే దానికి ఆధారం. ఆ ‘దాదాపు’ అన్న మాట దగ్గరే సీటీ స్కాన్ ప్రవేశిస్తుంది.

సీటీ యంత్రం చూసే తీరు

గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో తొలి రోగికి స్కాన్ తీసింది 1971 అక్టోబరు 1న, లండన్ శివార్లలోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో. సూత్రం నేటికీ అదే. ఎక్స్ కిరణాల గొట్టం శరీరం చుట్టూ తిరుగుతూ అన్ని కోణాల నుంచీ ఎంత కిరణం ఆగిపోయిందో కొలుస్తుంది. కంప్యూటర్ ఆ కొలతల నుంచి శరీరాన్ని బ్రెడ్డు ముక్కల్లా అడ్డకోతలుగా మళ్లీ నిర్మిస్తుంది. ప్రతి బిందువుకూ ఒక అంకె వస్తుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకు సుమారు మైనస్ 100, గ్రంథి కణజాలానికి కొన్ని పదుల యూనిట్లు. వీటిని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు అంటారు.

సన్నని ధమని మామూలుగా చుట్టుపక్కల గ్రంథిలో కలిసిపోయి కనిపించదు. అయోడిన్ ఉన్న కాంట్రాస్టు మందును వేగంగా ఎక్కించి, అది ధమనుల్లోకి చేరిన కొద్ది సెకన్లలోనే స్కాన్ చేస్తే నాళం అంకె 200 దాటి 300, 400 వరకు పోతుంది. కొవ్వు నల్లగా, నాళం తెల్లగా తేలుతుంది. కొవ్వు ఎక్కువగా ఉన్న పెద్ద రొమ్ములో ఈ తేడా బాగా కనిపించడం ఇక్కడ కలిసొచ్చే అంశం. ఒక మిల్లీమీటరు కంటే పలుచని కోతలను పేర్చి, చూపు సాగే ప్రతి గీతలోనూ అత్యంత ప్రకాశవంతమైన బిందువునే ఉంచే పద్ధతిలో చూస్తే ధమనులు ఎండు చెట్టు కొమ్మల్లా కనిపిస్తాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల లావున్న పర్ఫరేటర్ ఎక్కడ కండరం దాటి పైకి వచ్చింది, చర్మానికి ఎంత లోతున సాగింది, చనుమొన దాకా వెళ్లిందా అన్నది చదవవచ్చు.

ఈ విద్యను ప్లాస్టిక్ సర్జన్లు ముందుగా నేర్చుకున్నది పొట్ట దగ్గర. క్యాన్సర్‌కు రొమ్ము తీసేసినవారికి పొట్ట కొవ్వుతో కొత్త రొమ్ము కట్టే ఆపరేషన్‌లో ఏ పర్ఫరేటర్‌ను తీసుకోవాలన్నది కీలకం. 2006లో బార్సిలోనాకు చెందిన జౌమె మాసియా బృందం దానికి సీటీ వాడిన అనుభవాన్ని ప్రచురించింది. ఆపరేషన్ సమయం తగ్గుతుందని తర్వాతి అధ్యయనాల్లోనూ తేలింది. పొట్టలో పనికొచ్చినది రొమ్ములో ఎందుకు పనికిరాదన్న ఆలోచన సహజంగానే వచ్చింది.

ఘనపరిమాణం లెక్క, బీమా పేచీ

నాళాలతో పాటు సీటీ ఇచ్చే రెండో సమాచారం ఘనపరిమాణం. లెక్క సులువే. ప్రతి కోతలో రొమ్ము వైశాల్యాన్ని కొలిచి, కోత మందంతో గుణించి, అన్నీ కూడితే సరి. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. 5 మిల్లీమీటర్ల కోతలు 30 ఉన్నాయి. అంటే మొత్తం ఎత్తు 15 సెంటీమీటర్లు. కుడి రొమ్ము సగటు వైశాల్యం 80 చదరపు సెంటీమీటర్లయితే ఘనపరిమాణం 1200 మిల్లీలీటర్లు. ఎడమది సగటున 70 అయితే 1050. రెండూ 600 దగ్గరకు రావాలంటే కుడి నుంచి 600, ఎడమ నుంచి 450 తీయాలి. అద్దంలో చూసి ‘కుడి కాస్త పెద్దది’ అనుకున్న తేడా ఇక్కడ 150 మిల్లీలీటర్లని తేలింది.

అయితే ఆపరేషన్ గదిలో తూకం వేసేది గ్రాముల్లో. కొవ్వు నీటి కంటే తేలిక, గ్రంథి కాస్త బరువు. తీసేసిన కణజాలం సగటు సాంద్రత 0.95 అనుకుంటే కుడి నుంచి 570 గ్రాములు, ఎడమ నుంచి దాదాపు 428 గ్రాములు వస్తాయి.

ఈ కొద్ది గ్రాముల తేడా అమెరికాలో ఉన్న మన ఆడవాళ్లకు నిజంగానే డబ్బు లెక్క. అక్కడి బీమా సంస్థలు చాలావరకు 1991లో పాల్ ష్నర్, ప్లాస్టిక్ సర్జన్ల నుంచి సేకరించిన వివరాలతో తయారు చేసిన పట్టికను వాడతాయి. శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి ఒక్కో రొమ్ము నుంచి కనీసం ఇన్ని గ్రాములు తీస్తేనే అది వైద్య అవసరం కింద లెక్క. 160 సెంటీమీటర్ల ఎత్తు, 72 కిలోల బరువున్న మనిషికి ఉపరితలం సుమారు 1.8 చదరపు మీటర్లు. పట్టిక ప్రకారం హద్దు 441 గ్రాములు. మన ఉదాహరణలో కుడి వైపు నెగ్గింది, ఎడమ వైపు 13 గ్రాములు తక్కువైంది. అదే రొమ్ములో గ్రంథి వాటా ఎక్కువై సాంద్రత 1.0 అయితే ఎడమ కూడా 450 గ్రాములతో గట్టెక్కేది. భుజాల నొప్పి రెండు సందర్భాల్లోనూ ఒక్కటే! ఈ పట్టికను వైద్యులే విమర్శించడానికి కారణం ఇలాంటి వింతలే. మన దేశంలో గ్రాముల పేచీ లేదు కానీ వేరే చిక్కు ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో కాస్మెటిక్, ప్లాస్టిక్ శస్త్రచికిత్సలు ఉన్నాయి. వైద్యపరంగా అవసరమని డాక్టరు ధ్రువీకరిస్తే దానికి సడలింపు ఉంది. వాదన అంతా ఆ ధ్రువీకరణ చుట్టూనే తిరుగుతుంది.

ఘనపరిమాణం కోసమే అయితే సీటీ అక్కర్లేదు. మనిషిని నిలబెట్టి కెమెరాలతో తీసే త్రిమితీయ ఉపరితల చిత్రంతో కిరణాల బెడద లేకుండా దగ్గరి అంచనా వస్తుంది. ఎంఆర్‌ఐ కూడా కొలిచి పెడుతుంది.

స్కాన్ నిర్ణయాన్ని మార్చే సందర్భం

సీటీకి అనుకూలంగా చెప్పేవారి బలమైన వాదన రెండోసారి ఆపరేషన్ దగ్గర వినిపిస్తుంది. ఒకామెకు ఇరవై ఏళ్ల కిందట ఒకసారి తగ్గింపు జరిగిందనుకుందాం. కాన్పుల తర్వాత, బరువు పెరిగాక రొమ్ములు మళ్లీ పెరిగాయి. పాత కాగితాలు లేవు. ఒంటి మీద తలకిందుల ‘టీ’ ఆకారపు మచ్చ ఉంది. ఆ మచ్చ ఏ చర్మాన్ని కోశారో చెబుతుంది కానీ లోపల ఏ కాడను ఉంచారో చెప్పదు. 1956లో రాబర్ట్ వైజ్ ప్రతిపాదించిన చర్మపు నమూనాతో కింది కాడా ఉంచవచ్చు, పై లోపలి కాడా ఉంచవచ్చు.

పాత కాడ ఏదో తెలిస్తే మళ్లీ దాన్నే వాడటం సురక్షితం. తెలియకుండా కొత్త కాడను ఎంచుకుంటే మిగిలిన ఒకే ఒక్క పిల్లకాలువను చేతులారా తెంచినట్టు కావచ్చు. అందుకే అలాంటప్పుడు జాగ్రత్తపరులు చనుమొనను కదపకుండా కింది భాగం మాత్రమే తీసి, మిగతాది లైపోసక్షన్‌తో తగ్గించి సరిపెడతారు, లేదా థోరెక్ పాత పద్ధతికి పోతారు. ఇప్పుడు సీటీలో రెండో ఖాళీ నుంచి వచ్చిన కొమ్మ లోపలి వైపుగా చనుమొన దాకా సాగినట్టు, కింది నుంచి ఏదీ అందుకోనట్టు కనిపించిందనుకుందాం. సర్జన్ చేతిలో ఊహ బదులు ఆధారం ఉంటుంది. కింది కాడ ఆలోచన మానేస్తాడు.

ఇదే కోవలోకి వచ్చేవి ఇంకొన్ని. చనుమొన బొడ్డు దాకా జారిన అతి పెద్ద రొమ్ముల్లో కాడ పొడవు బాగా పెరుగుతుంది. మెడ కింది గుంట నుంచి మామూలుగా 21 సెంటీమీటర్ల దగ్గర ఉండాల్సిన చనుమొన 40 దగ్గర ఉంటే చివరి ఆయకట్టు నిజంగానే చివర ఉన్నట్టు. ఛాతీకి గతంలో రేడియేషన్ ఇచ్చినవారు, గడ్డలకు చాలా కోతలు పడ్డవారు, లీమా వాడి బైపాస్ చేయించుకున్నవారు కూడా ఈ జాబితాలోనే. ఆఖరి సందర్భంలో లోపలి వైపు కాడకు మూలమైన ధమనే దారి మళ్లి గుండెకు పోయింది మరి.

పడుకున్న రొమ్ము, నిలబడ్డ రొమ్ము

వ్యతిరేకుల వాదన తేలికైనది కాదు. స్కాన్ తీసేటప్పుడు మనిషి వెల్లకిలా పడుకుంటుంది. పెద్ద రొమ్ము పక్కకు, చంక వైపు జారిపోతుంది. గీతలు గీసేది మాత్రం నిలబెట్టి. కండరంలోంచి నాళం పైకి వచ్చే చోటు కదలదు, కాబట్టి అది నమ్మదగ్గదే. అక్కడి నుంచి చనుమొన దాకా కణజాలంలో సాగే దారి మాత్రం భంగిమ మారగానే మారిపోతుంది. స్కాన్‌లో వంపు తిరిగి కనిపించినది నిలబడితే వేలాడే తాడులా సాగవచ్చు. మనకు కాపాడుకోవాల్సింది సరిగ్గా ఆ భాగమే.

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. సీటీ చూపేది తెరిచి ఉన్న ధమనిని. కణజాలం చావడానికి ధమని ఒక్కటే కారణం కాదు. లోపలికి వెళ్లిన రక్తం సిరల గుండా బయటికి రాలేక నిలిచిపోయి, చనుమొన ముందు నీలంగా, తర్వాత నల్లగా మారడం సర్జన్లు తరచూ భయపడే సంగతి. కాడను ఎక్కువగా మడిచినా, కుట్లు బిగుతుగా వేసినా, లోపల రక్తం గడ్డకట్టినా ఇదే జరుగుతుంది. పొలానికి నీరు రావడం ఎంత ముఖ్యమో మురుగు పోవడమూ అంతే ముఖ్యం. మందు ధమనుల్లో ఉన్న సమయంలో తీసిన స్కాన్ మురుగు కాలువను పెద్దగా చూపదు. పొగతాగే అలవాటు వల్ల నాళాలు బిగుసుకుపోవడం, మధుమేహం వల్ల సన్నని నాళాలు పాడవడం కూడా ఆ చిత్రానికి అందవు.

మొదటిసారి, ఓ మోస్తరు పరిమాణంలో చేసే ఆపరేషన్‌లో కాడను వెడల్పుగా, మందంగా ఉంచితే ఏదో ఒక మంచి నాళం అందులో పడుతుందని దశాబ్దాల అనుభవం చెబుతోంది. పటం లేకపోయినా చాలా పెద్ద శాతం సాఫీగా జరిగిపోతున్నప్పుడు పటం వల్ల ఫలితం మెరుగైందని రుజువు చేయడం కష్టం. అరుదైన నష్టం ఇంకా అరుదైందని చూపించాలంటే వేల మందిని పోల్చాలి. రొమ్ము తగ్గింపులో సీటీ మీద ప్రచురితమైనవి ఎక్కువగా చిన్న అధ్యయనాలే. ఈ స్కాన్ మామూలు కేసుల్లో తప్పనిసరి పరీక్షల జాబితాలోకి ఎక్కకపోవడానికి కారణం అదే. నా అంచనాలో ఇప్పటికి వ్యతిరేకులదే పైచేయి, కానీ మొదటి ఆపరేషన్ల వరకే.

కిరణాల లెక్క

ఛాతీ సీటీకి సాధారణంగా పడే మోతాదు సుమారు 6, 7 మిల్లీసీవర్ట్‌లు. నేల, గాలి, ఆకాశం నుంచి మనిషికి ఏటా సహజంగా అందేది ప్రపంచ సగటున 2.4. అంటే ఒక్క స్కాన్ దాదాపు మూడేళ్ల సహజ మోతాదు. మామోగ్రామ్‌ది సుమారు 0.4 కాబట్టి సీటీ దానికి 17 రెట్లని చెబుతుంటారు. ఈ పోలికలో ఒక మెలిక ఉంది. మిల్లీసీవర్ట్ అనేది మొత్తం శరీరానికి సగటు చేసి చెప్పే కొలత. మామోగ్రామ్‌లో కిరణాలు రొమ్ముకే పడతాయి, సీటీలో ఊపిరితిత్తులు, గుండె, వెన్ను అన్నిటికీ పడతాయి. విడిగా రొమ్ము పీల్చుకున్నదే చూస్తే మామోగ్రామ్‌లో 3, 4 మిల్లీగ్రేలు, ఛాతీ సీటీలో 10 నుంచి 20. తేడా 17 రెట్లు కాదు, మూడు నుంచి ఐదు రెట్లు.

దాని అర్థం ఏమిటి? 10 మిల్లీసీవర్ట్‌ల సీటీ వల్ల ప్రాణాంతక క్యాన్సర్ అవకాశం 2000 మందిలో ఒకరికి అదనంగా పెరగవచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంచనా. 7కు లెక్కగడితే దాదాపు 2900 మందిలో ఒకరు. అక్కడి జనాభాలో ఎలాగూ ఐదుగురిలో ఒకరు క్యాన్సర్‌తో చనిపోతారు. అంటే 2900 మందిలో 580 అనుకున్నది 581 అవుతుంది. చిన్న అంకే. కాకపోతే రొమ్ము కణజాలం కిరణాలకు సున్నితమైనది. అంతర్జాతీయ రేడియోలాజికల్ రక్షణ సంఘం 2007లో మొత్తం శరీర మోతాదు లెక్కలో రొమ్ముకు ఇచ్చే వాటాను 0.05 నుంచి 0.12కు పెంచింది. వయసు ఎంత తక్కువైతే ముప్పు అంత ఎక్కువ. ఈ ఆపరేషన్‌కు వచ్చేవారిలో ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. క్యాన్సర్ రోగికి పొట్ట సీటీ తీయడాన్నీ, ఆరోగ్యంగా ఉన్న యువతి ఛాతీకి సీటీ తీయడాన్నీ ఒకే త్రాసులో తూచలేం. కాంట్రాస్టు మందు వల్ల అలర్జీ, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి వచ్చే ఇబ్బంది దీనికి అదనం.

చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. సీటీ తీయించుకున్నాం కదా, మామోగ్రామ్ ఇక ఎందుకని అడుగుతారు. తొలి దశ క్యాన్సర్‌కు సూచన కాగల సున్నపు రేణువులు మిల్లీమీటరులో చిన్న భాగమంత ఉంటాయి. ఛాతీ సీటీ వాటిని సరిగా పట్టుకోదు. తగిన వయసువారికి ఆపరేషన్ ముందు మామోగ్రామ్ అడగడం, తీసేసిన కణజాలాన్ని ల్యాబ్‌కు పంపడం వేరే లెక్క.

పోటీలో ఉన్న ఇతర పరికరాలు

ధ్వని తరంగాలతో పనిచేసే, పెన్సిల్ లాంటి డాప్లర్ ప్రోబ్ నాళం శబ్దాన్ని వినిపిస్తుంది, దారి చూపదు. కలర్ డాప్లర్ దారి కూడా చూపుతుంది, కిరణాలు లేవు, కానీ ఫలితం చూసే మనిషి నైపుణ్యం మీద ఆధారపడుతుంది. ఎంఆర్‌ఐలో కిరణాలు లేవు. బోర్లా పడుకోబెట్టి తీస్తారు కాబట్టి రొమ్ము కిందికి వేలాడుతుంది, నిలబడ్డ ఆకారానికి అదీ సమానం కాదు. ఆపరేషన్ మధ్యలో ఇండోసయనైన్ గ్రీన్ అనే రంగు ఎక్కించి, ప్రత్యేక కెమెరాతో చూస్తే చనుమొనకు ఆ క్షణంలో రక్తం అందుతోందో లేదో తెలుస్తుంది. సీటీ జవాబివ్వలేని ప్రశ్నకు జవాబు అదే, కానీ అప్పటికే కోత పడిపోయి ఉంటుంది. సీటీలోనూ కొత్త తరం వచ్చింది. 2021లో అమెరికాలో అనుమతి పొందిన ఫోటాన్ లెక్కింపు సీటీ యంత్రం మరింత సన్నని నాళాలను తక్కువ మోతాదుతో చూపగలదు. అయితే ఆ యంత్రం కిందా మనిషి పడుకోవాల్సిందే.

అందుకే కష్టమైన కేసుల్లో సీటీని నమ్ముకునే సర్జన్లు కూడా దాన్ని ఒంటరిగా వాడరు. పర్ఫరేటర్ రొమ్ము ఎముక నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో, ఎన్నో ఖాళీలో పైకి వచ్చిందో స్కాన్ నుంచి రాసుకుంటారు. ఆపరేషన్ రోజు ఉదయం రోగిని నిలబెట్టి, ఆ చోట డాప్లర్ పెట్టి చూస్తారు. బుస్సుబుస్సుమని శబ్దం వినిపించిన చోట మార్కర్‌తో ఒక చుక్క పెట్టి, కాడ గీతలను దాని చుట్టూ గీస్తారు.